చౌమహల్లా ఒక్కటి బతికితే సరిపోతుందా?

హైదరాబాద్ పాతబస్తీలో చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినప్పుడు ఒకసారి తల పైకెత్తి చూడండి, గేటు మీద గడియారం ఉంటుంది. ఖిల్వత్ గడియారం అంటారు. బ్యాటరీ లేదు, కరెంటు లేదు. వారానికోసారి మనిషి వచ్చి కీ ఇవ్వాలి. ఆ పని తరతరాలుగా గడియారాల మరమ్మతు తెలిసిన ఒక కుటుంబం చేస్తోంది. టికెట్ చేతిలో పట్టుకుని లోపలికి పరుగెత్తే జనంలో దాన్ని చూసేవాళ్లు తక్కువే, అందరికీ దర్బారు హాల్లో షాండ్లియర్ల కింద ఫొటో కావాలి. దాన్ని మేం తప్పు పట్టం. ఫొటో కోసమైనా రానివ్వండి. మా గొడవ వేరే ఉంది.

ముందు ఆ ప్యాలెస్ సంగతి. 1750 ప్రాంతంలో నిజాంల వంశానికి చెందిన సలాబత్ జంగ్ మొదలుపెడితే అయిదో నిజాం అఫ్జలుద్దౌలా కాలానికి, అంటే 1857-69 మధ్యకు గానీ పూర్తి కాలేదు. ఈ సలాబత్ జంగ్ ఎవరో కోస్తా పాఠకులకు చెప్పాలంటే, 1753లో శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి సర్కార్లను ఫ్రెంచివాళ్ల చేతిలో పెట్టింది ఆయనే. ఆసఫ్ జాహీల, అంటే నిజాం వంశం వాళ్ల రాజధాని అప్పటికింకా ఔరంగాబాద్. అలాంటి రోజుల్లో హైదరాబాద్‌లో మొదలైన కట్టడం మనవల కాలం దాటి నడిచిందంటే, ఇది ఒక్కరి ప్లాన్ కాదని, వచ్చినవాళ్లందరూ తలో చెయ్యి వేశారని అర్థమైపోతుంది.

అది కంటికి కనిపిస్తుంది కూడా. ఉత్తరం వైపు ఆవరణలో గుమ్మటాలు, కోసు కమానులు, మధ్యలో పొడుగాటి నీటి కొలను. దానికి ఒక పక్క బారా ఇమాం అనే గదుల వరస, ఎదురుగా అద్దంలో బొమ్మలా శీషే ఆలాత్. ఇదంతా మొఘల్, పర్షియన్ పద్ధతి. నాలుగడుగులు వేసి దక్షిణం ఆవరణలోకి వస్తే తోట చుట్టూ నాలుగు మహళ్లు, యూరప్ తరహా స్తంభాలు, ఇంకో ఊరికి వచ్చామా అనిపిస్తుంది. అఫ్జల్ మహల్, ఆఫ్తాబ్ మహల్, మహతాబ్ మహల్, తహనియత్ మహల్. ఆఫ్తాబ్ అంటే సూర్యుడు, మహతాబ్ అంటే చంద్రుడు, తహనియత్ అంటే శుభాకాంక్షలు. ఈ నాలుగు మహళ్ల వల్లే చౌమహల్లా అయింది. టెహ్రాన్‌లోని షా ప్యాలెస్ నమూనాలో కట్టారని గైడ్లు చెబుతారు గానీ, ఆ పోలికతో మాకు పెద్ద పని లేదు. ఇంత కలగూరగంప ఇంత పొందిగ్గా కుదరడం హైదరాబాద్‌లోనే సాధ్యమని మాకనిపిస్తుంది.

అసలు చూడాల్సింది ఖిల్వత్ ముబారక్, అదే దర్బారు హాలు. తఖ్తె నిషాన్ అనే తెల్ల పాలరాతి వేదిక, పైన బెల్జియం క్రిస్టల్ షాండ్లియర్లు 19. ఈసారి వెళ్లినప్పుడు షాండ్లియర్లను వదిలేసి కమానుల అంచులు చూడండి. ఆ పూలు, తీగలు రాతిలో చెక్కినవి కావు, సున్నంతో చేసినవి. గానుగలో నూరిన డంగు సున్నం. పాత మేస్త్రీలు అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు, కోడిగుడ్డు తెల్లసొన కలిపేవాళ్లని మన ఊళ్లలో పెద్దవాళ్లను ఎవర్ని అడిగినా చెబుతారు. చార్మినార్ మీది పూల పని కూడా సున్నమే. ఈ సున్నానికి ఒక గుణం ఉంది, గోడలోకి చేరిన తేమను మళ్లీ బయటికి పోనిస్తుంది. మనవాళ్లు పగులు కనిపించగానే సిమెంటు పూస్తారు. సిమెంటు తేమను లోపలే బంధిస్తుంది, గోడ లోపల్లోపల నాని, కొన్నేళ్లకు ఆ పూతతో పాటు పాత పని కూడా పెళ్లలుగా ఊడిపోతుంది. పాత కట్టడం మీద సిమెంటు బస్తా విప్పడం రిపేరు కాదు, నెమ్మదిగా చంపడం.

చౌమహల్లాకు ఆ గతే పట్టబోయింది. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ ఉన్నది కింగ్ కోఠీలో, ఇక్కడికి వచ్చేది వేడుకలకే. 1967 ఏప్రిల్‌లో ఆయన మనవడు ముకర్రం జా పట్టాభిషేకం ఈ దర్బారులోనే జరిగింది. తర్వాత 1971లో రాజభరణాలు రద్దయ్యాయి, వారసుల కోర్టు కేసులు గుట్టలు పడ్డాయి, ఆయన ఆస్ట్రేలియాలో గొర్రెల ఫారం కొనుక్కుని వెళ్లిపోయారు. ప్యాలెస్‌కు తాళం. ఒకప్పుడు లాడ్ బజార్ నుంచి మొదలై 45 ఎకరాలున్న జాగా ఇప్పుడు పన్నెండో పద్నాలుగో ఎకరాలు. మిగిలిందైనా నిలబడిందంటే ముకర్రం జా మాజీ భార్య ప్రిన్సెస్ ఎస్రా తిరిగొచ్చి పట్టు పట్టడం వల్ల. ఆర్కిటెక్ట్ రాహుల్ మెహ్రోత్రాకు పని అప్పగించి, ఏళ్ల తరబడి గది తర్వాత గది బాగు చేయించారు. 2005లో జనానికి తలుపులు తెరిచారు, 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది. 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో చనిపోయిన ముకర్రం జా భౌతికకాయాన్ని చివరి చూపు కోసం ఉంచింది కూడా ఇక్కడే.

ఇప్పుడు మా గొడవ. ఇదంతా చేసింది ఒక కుటుంబం. డబ్బు, తీరిక, పట్టుదల మూడూ ఒకేచోట కుదిరాయి కాబట్టి అయింది. ప్రభుత్వం మాత్రం టూరిజం పోస్టర్ మీద చౌమహల్లా బొమ్మ వేసుకుని, హెరిటేజ్ విషయంలో మన పనైపోయిందన్నట్టు కూర్చుంటుంది. మరి మిగతావాటి సంగతేంటి? చార్మినార్ పక్కనే ఉన్న మాల్వాలా ప్యాలెస్‌ను 2000లో కూల్చేశారు. మలక్‌పేటలో మహబూబ్ మాన్షన్ శిథిలమైపోయింది. ఫలక్‌నుమా హోటల్ అయి బాగుపడింది, సంతోషమే, కానీ అక్కడ టీ తాగాలన్నా మామూలు మనిషి జేబు తడుముకోవాలి.

ఎర్రమంజిల్ కథ అయితే ఇంకా విచిత్రం. 1870 ప్రాంతంలో నవాబ్ ఫక్రుల్ ముల్క్ కట్టించారు. ఆ గుట్టను జనం ఎర్రగడ్డ అనేవారట, పర్షియన్‌లో ఇరం అంటే స్వర్గం, రెండు నోళ్లకూ తిరిగేలా ఇరం మంజిల్ అని పేరు పెట్టారని చెబుతారు. తెలుగు, పర్షియన్ ఒకే పేరులో ఇలా ఇమిడిపోయిన భవనం ఇంకొకటి చూపించండి చూద్దాం. దాన్ని కూల్చి అసెంబ్లీ కడతామని 2019లో కేబినెట్ నిర్ణయించింది. జనం కోర్టుకెక్కితే అదే ఏడాది సెప్టెంబర్‌లో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. కూల్చడం ఆగింది, బాగు చేయడం మాత్రం ఎవరి పనో తేలలేదు. అంతకుముందు 2015లో నగరంలోని హెరిటేజ్ భవనాలను కాపాడే నిబంధనను తీసేసి, 2017లో హెరిటేజ్ చట్టం తెచ్చారు. చట్టం ఉంది సరే, సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఎంతమంది మిగిలారో ఏ శాఖ దగ్గరైనా లెక్క ఉందా?

నిజాంల భవంతుల కోసం మనం ఎందుకు కొట్టుకోవాలని అడిగేవాళ్లున్నారు. వెట్టిచాకిరీ, రజాకార్ల రోజులు గుర్తున్న ఇళ్లు తెలంగాణలో ఇంకా ఉన్నాయి, ఆ కోపం న్యాయమైనదే, దాన్ని మేం తేలిగ్గా తీసుకోం. కానీ ఆ మహళ్లకు డబ్బెక్కడిది? శిస్తు కట్టిన రైతుది. రాళ్లు మోసిందెవరు, సున్నం నూరిందెవరు? మనవాళ్లే. అంత చెమట పోసి కట్టిన ఆస్తి నవాబుదని వదిలేస్తే రెండోసారి నష్టపోయేది కూడా మనమే.

మేం వందల కోట్ల ప్యాకేజీ అడగడం లేదు. నగరంలో మిగిలిన పాత మహళ్లు ఏవి, ఏ స్థితిలో ఉన్నాయి, బాధ్యత ఏ అధికారిది అన్న జాబితాను అందరికీ కనిపించేలా పెట్టండి. ఐటీఐలలో ఎలక్ట్రీషియన్ కోర్సు పక్కన డంగు సున్నం కోర్సు కూడా పెట్టండి, నేర్పగల మేస్త్రీలు బతికుండగానే. అప్పటిదాకా పాత గోడల మీదికి సిమెంటు వెళ్లకుండా ఆపండి. ఇంకొకటి, దీనికి టెండర్ కూడా అక్కర్లేదు. పిట్టలు వేసిన గింజలతో పాత కప్పుల మీద రావి మొక్కలు మొలుస్తాయి. జూన్ వానలు పడక ముందే ఒక నిచ్చెన, ఇద్దరు మనుషులను పంపి వాటిని వేళ్లతో సహా పీకించండి, ఎర్రమంజిల్‌తో మొదలుపెట్టి.