ఆపరేషన్ ఒక్కటే దారైన చోట

సంతాన సాఫల్య రేటు, అంటే ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య, తెలంగాణలో 1.8కి, ఆంధ్రప్రదేశ్‌లో 1.7కి దిగిందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. నైజర్‌లో ఒక్కో తల్లికి సగటున ఆరుగురు పిల్లలు పుడుతున్న రోజుల్లో ఈ అంకెను మనం ఘనతగా చెప్పుకుంటున్నాం. కానీ అది ఎలా వచ్చిందో చూస్తే, గర్భనిరోధక సాధనాలు మన స్త్రీలకు అందాయని అనడానికి నాకు మనసొప్పదు.

అదే సర్వే ప్రకారం 15-49 ఏళ్ల వివాహితల్లో ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతానికి పైగా కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవారే, వారిలో ఎందరికో అప్పటికి పాతికేళ్లయినా నిండలేదు. పెళ్లైన ఏడాదికే తొలి కాన్పు, ఊపిరి తీసుకునేలోపే రెండోది, ఆ వెంటనే ఆపరేషన్. కాన్పుల మధ్య ఎడం కావాలన్న అమ్మాయికి ఈ వరుసలో చోటే లేదు. మగవారికి చేసే వేసెక్టమీ ఆపరేషన్‌కు పొట్ట కోయనక్కర్లేదు, అయినా దేశంలో దాని వాటా 0.3 శాతమే. ఎమర్జెన్సీ నాటి బలవంతపు ఆపరేషన్ల తర్వాత ప్రభుత్వాలు మగవారి జోలికి పెద్దగా వెళ్లలేదు, భారమంతా ఆడవాళ్ల ఒంటి మీద పడింది. ఆ భారం ఎంతటిదో హైదరాబాద్ పక్కనే ఉన్న ఇబ్రహీంపట్నం చూసింది: 2022 ఆగస్టులో అక్కడి శిబిరంలో ఒక్కరోజే 34 మందికి ఆపరేషన్లు చేస్తే నలుగురు తల్లులు చనిపోయారు.

పిల్లలు తక్కువ చాలన్న కోరిక పుడితే జననాలు వాటంతటవే తగ్గుతాయని, సాధనాల సరఫరాది చిన్న పాత్రేనని కొందరు ఆర్థికవేత్తల వాదన. అందులో కొంత నిజముంది. అయితే బంగ్లాదేశ్‌లోని మత్లబ్‌లో 1977 నుంచి మహిళా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి మాత్రలు, ఇంజెక్షన్లు, లూప్, నిరోధ్‌లలో ఏది కావాలో అడిగి, ఇబ్బందులు వింటూ వచ్చినప్పుడు, పక్క ప్రాంతంకంటే అక్కడ జననాలు ఎక్కువగా తగ్గాయి.

మన దగ్గర మూడు నెలలకోసారి వేసే ‘అంతర’ ఇంజెక్షన్, మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆపై వారానికో మాత్రగా వాడే ‘ఛాయ’ 2017లో ప్రభుత్వ కార్యక్రమంలోకి వచ్చాయి. ఇంజెక్షన్ తీసుకున్నాక నెలసరి తప్పవచ్చని ముందే చెప్పకపోతే, భయపడిన మనిషి రెండో మోతాదుకు తిరిగి రాదు. ఆ మాట నెమ్మదిగా చెప్పే నర్సు, ఎప్పుడూ నిండుకోని మందుల నిల్వ ప్రతి బస్తీ దవాఖానాలో ఉండాలి.

ఇప్పుడు గాలి మళ్లింది. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తివేసింది, అది సరైన పనే. కానీ ఎక్కువమందిని కనమన్న పిలుపుల మధ్య ఈ కొద్దిపాటి సేవలకు నిధులు తగ్గితే, రెండేళ్లు ఆగుదామనుకున్న బస్తీ కోడలికి మళ్లీ మిగిలేది అదే ఆపరేషన్ బల్ల.