యాంప్ బోర్డు మీద ఇంకో నాలుగు రంధ్రాలు పెడితే మీ సొమ్మేం పోయింది?

గిటార్ యాంప్లిఫయర్లు తయారుచేసే కంపెనీలను ఒకటే అడగాలని ఉంది. బోర్డు గీసేటప్పుడు ఒక్కో పార్టుకి లెక్కపెట్టినట్టు రెండే రంధ్రాలు ఎందుకు? పక్కన ఇంకో సోల్డర్ ప్యాడ్ (పార్టు కాలు అతికించే రాగి చుక్క) పెడితే ఏం పోయింది? బోర్డు ధర ముఖ్యంగా దాని సైజును బట్టి, రాగి పొరలను బట్టి ఉంటుంది. నాలుగు రంధ్రాలు పెరిగితే చెప్పుకోదగ్గ తేడా రాదు.

వాల్వు యాంపులో, అంటే గాజు ట్యూబులతో నడిచేదాంట్లో, కప్లింగ్ కెపాసిటర్ (ఒక దశ నుంచి ఇంకో దశకి సిగ్నల్‌ని దాటించేది) సంగతి చూడండి. చాలా యాంపుల్లో 0.022 మైక్రోఫారడ్, 400 లేదా 630 వోల్టులది ఉంటుంది. పోతే కోఠి గుజరాతీ గల్లీలో వెతుక్కుంటాం. విలువ దొరుకుతుంది, వోల్టేజీ కూడా సరిపోతుంది. తీరా చూస్తే దాని కాళ్ల మధ్య దూరం 10 మిల్లీమీటర్లు, బోర్డు మీదేమో 15. ఈ కెపాసిటర్లు 7.5, 10, 15, 22.5 ఇలా రకరకాల దూరాల్లో వస్తాయని డిజైన్ చేసినవాళ్లకి తెలియదా? ఒక కాలు వైపు వరుసగా మూడు రంధ్రాలు పెట్టి ఒకే ట్రాక్‌కి (బోర్డు మీది రాగి గీతకి) కలిపేస్తే మూడు సైజుల్లో ఏది తెచ్చినా కూర్చుంటుంది. అది లేక మేం కాళ్లు వంచి, స్లీవ్ తొడిగి, గ్లూ పెట్టి నిలబెడుతున్నాం. స్పీకరూ యాంపూ ఒకే పెట్టెలో ఉండే కాంబోలో ఆ అదురుకి అది ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఇన్‌పుట్ జాక్‌ది ఇంకో గోల. రోజూ కేబుల్ పెట్టి లాగే చోట ప్లాస్టిక్ జాక్‌ని నేరుగా బోర్డుకే సోల్డర్ చేస్తారు. క్రిస్మస్ ముందు చర్చి బ్యాండ్ల నుంచి రిపేరుకి వచ్చే యాంపుల్లో ఎక్కువగా కనిపించే జబ్బు ఇదే. జాక్‌ని ఛాసిస్‌కి, అంటే లోహపు పెట్టెకి, బిగించి వైర్లతో కలుపుదామంటే, వైరు అతికించడానికి వేరే ప్యాడ్ ఉండదు. పాత ప్యాడ్ మీదే మళ్లీ ఐరన్ పెట్టాలి. లెడ్ ఉన్న సోల్డర్ 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది, లెడ్ లేనిది 217 దాటితేగానీ కరగదు. ఒకవైపే రాగి ఉన్న చవక బోర్డయితే ఆ వేడికి ప్యాడ్ కాస్తా లేచి వచ్చేస్తుంది.

ఇక్కడే 'చేత్తో వైరింగ్ చేసిందే అసలైన యాంప్, దాని సౌండే వేరు' అనే బ్యాచ్ దిగుతుంది. నేను ఒప్పుకోను. తాను టరెట్ (పాత బోర్డుల మీద వైర్లు అతికించే లోహపు పోస్టు) మీదుగా వెళ్తున్నదీ ట్రాక్ మీదుగా వెళ్తున్నదీ ఎలక్ట్రాన్‌కి తెలియదు. పాత యాంపుల గొప్పంతా వాటిమీద చెయ్యి ఆడటంలో ఉంది. మార్షల్ వాళ్ల మొదటి యాంప్ జేటీఎం45, 1962లో ఫెండర్ బాస్‌మన్ సర్క్యూట్‌ని చూసి చేసిందే. తర్వాతి మోడళ్లలో వాళ్లు విలువలు మారుస్తూ పోయారు. కాథోడ్ (వాల్వులో ఎలక్ట్రాన్లని వదిలే కొస) దగ్గర పెద్ద కెపాసిటర్ బదులు 0.68 మైక్రోఫారడ్ పెట్టేసరికి బేస్ తగ్గి ట్రెబుల్ ముందుకొచ్చింది. టరెట్ బోర్డు మీద అలాంటి మార్పు నిమిషాల పని. ప్రింటెడ్ బోర్డు మీద కూడా కాథోడ్ రెసిస్టర్ పక్కన రెండు ఖాళీ ప్యాడ్లు వదిలితే అంతే తేలిక. పాత కెపాసిటర్ కాలు కత్తిరించేస్తే చాలు, దాని ప్యాడ్ల జోలికి వెళ్లాల్సిన పనే ఉండదు.

అన్నిచోట్లా ప్యాడ్లు గుమ్మరించమని కాదు. 300 వోల్టులు దాటిన చోట, పైన కోటింగ్ లేకపోతే, రెండు పాయింట్ల మధ్య 2.5 మిల్లీమీటర్లయినా వదలాలి. వాల్వు గ్రిడ్‌కి (సిగ్నల్ లోపలికెళ్లే కొసకి) వెళ్లే ట్రాక్‌ని ప్యాడ్ కోసం సాగదీసి ప్లేట్ (సిగ్నల్ బయటికొచ్చే కొస) ట్రాక్ పక్కకి తెస్తే యాంప్ కూయడం మొదలుపెడుతుంది. కానీ ఉన్న ప్యాడ్‌ని ఆనుకుని ఇంకోటి పెడితే పెరిగే కెపాసిటెన్స్ ఒకటి రెండు పికోఫారడ్లు. 12ఏఎక్స్7 వాల్వు ఇన్‌పుట్ దగ్గర ఎటూ వంద దాకా ఉంటుంది, అందులో ఇదో లెక్కా?

నాకు అన్నిటికంటే ఒళ్లు మండేది బయాస్ (వాల్వులో నిలకడగా పారే కరెంటుని సరిచేసే సెట్టింగ్) దగ్గర. పవర్ వాల్వు కాథోడ్‌కి 1 ఓమ్ రెసిస్టర్, దానికో టెస్ట్ పాయింట్ ఉంటే చాలు. మీటర్‌లో 35 మిల్లీవోల్టులు చూపిస్తే 35 మిల్లీయాంపులు పోతున్నట్టు. అది లేకపోతే 400 వోల్టులున్న బోర్డుని బయటికి లాగి, ఆన్‌లో ఉండగానే అడుగున ప్రోబ్ పెట్టి కొలవాలి. స్విచ్ ఆపినా ఫిల్టర్ కెపాసిటర్లలో కరెంటు నిలిచే ఉంటుంది. దాన్ని రెసిస్టర్‌తో దింపడానికైనా చేతికందే పాయింట్ ఒకటి పెట్టొచ్చు కదా! సౌండ్ సంగతి తర్వాత, రిపేరు చేసేవాడి ప్రాణానికి సంబంధించిన విషయం ఇది.

సొంతంగా బోర్డులు గీసే కుర్రాళ్లకి ఒక మాట. బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్ కైక్యాడ్‌లో ఒకే ఫుట్‌ప్రింట్‌లో (ఒక పార్టుకి కేటాయించే ప్యాడ్ల అమరికలో) మూడు ప్యాడ్లకి ఒకే నంబరు ఇస్తే సాఫ్ట్‌వేర్ వాటిని ఒకే కనెక్షన్‌గా తీసుకుంటుంది. కెపాసిటర్లకి ఒకసారి అలా చేసి లైబ్రరీలో దాచుకుంటే ప్రతి బోర్డుకీ పనికొస్తుంది. ఇది పెద్ద కంపెనీల ఇంజనీర్లకి తెలియదంటే నేను నమ్మను. వారంటీ అయ్యాక ఆ యాంప్ ఎవరి చేతికి వెళ్తుందో వాళ్లకి పట్టదు, అంతే.