తమరి చక్కెర కోటు ఫైలు విషయమై

శ్రీయుత వి.ఐ. గారికి,
(టైఫాయిడ్ తెచ్చే బ్యాక్టీరియా సాల్మొనెల్లా టైఫీ గారి పైకోటు, కేరాఫ్ మంచినీళ్ళ కుళాయి)

విషయం: తమరి మీద 84 ఏళ్ళు పెండింగులో ఉన్న ఫైలుకు సంతకం అయిన సంగతి తెలియజేయుట – గురించి.

సూచిక: 1) నా ఎనిమిదో తరగతి అర్ధ సంవత్సరం పరీక్షలు. 2) మా మనవరాలి టీకా కార్డు.

ఆర్యా,

పై విషయమును పురస్కరించుకొని తమకు తెలియజేయునది ఏమనగా... ముప్ఫై నాలుగేళ్ళు ఇలాగే రాసి రాసి రిటైరయ్యాను. చెయ్యి దానంతటదే ఆ దారి పడుతోంది. మీతో మామూలుగానే మాట్లాడతాను లెండి, మనది పాత పరిచయం.

ముందు మీ పేరు సంగతి. 1934లో లండన్‌లో ఫెలిక్స్, పిట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మిమ్మల్ని పట్టుకున్నారు. రోగ తీవ్రతకు ఇంగ్లీషులో ఉన్న 'వైరులెన్స్' అనే మాటలోంచి మొదటి రెండక్షరాలు తీసి మీకు వి.ఐ. అని పేరు పెట్టారు. వీఐపీకి ఒక్క అక్షరం తక్కువ. ఆ లోటు మీ నడవడికలో మాత్రం ఏనాడూ కనిపించలేదు. ఏ చెక్‌పోస్టు దగ్గరా ఆగింది లేదు, ఎవరికీ కార్డు చూపించింది లేదు.

నాకు 1971లో మిమ్మల్ని కలిసే భాగ్యం కలిగింది. మా నాయనమ్మ మిమ్మల్ని 'సన్నిపాతం' అనేది. ఇరవై ఒక్క రోజుల జ్వరం, దానికి తొందర పనికిరాదని తీర్పు చెప్పింది. మొదటి వారం లంఖణం పరమౌషధం అన్నారు. రెండో వారం డాక్టరుగారు వచ్చి క్లోరోమైసెటిన్ రాశారు. మూడో వారానికి బార్లీ నీళ్ళు, పాలలో ముంచిన రొట్టె. జ్వరం దిగినా పథ్యం దిగలేదు. వంటింట్లో ఆవకాయ జాడీ మూత తీసిన చప్పుడు ముందుగది దాకా వినపడేది, నా దాకా వాసనే వచ్చేది. దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా ఊడొచ్చింది. పరీక్షలు పోయాయి. లెక్కల మాస్టారు చూడ్డానికి వచ్చి బత్తాయిలతో పాటు హోంవర్కు కూడా ఇచ్చి వెళ్ళారు. దానికీ కారణం మీరేనని నేటికీ నా అభిప్రాయం.

అప్పట్లో నాకు తెలియనిదల్లా మీరు వట్టి కోటు అన్న సంగతి. టీలో వేసుకునే రకం కాదు గానీ మీరూ చక్కెరే. ఒకే రకం చక్కెర అణువులు గొలుసులా అల్లుకుని ఆ బ్యాక్టీరియాను చుట్టేసి ఉంటాయి. దాని ఒంటి మీద మా కాపలా కణాలు చూడగానే 'దొంగ' అని కేక వేసే గుర్తులు ఉన్నాయి. మీరు పైన కప్పుకోగానే అవి కనపడవు. అది లోపలికి వచ్చి తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా పేగుల్లోంచి రక్తంలోకి, కాలేయంలోకి పోతుంది. జ్వరం తెలిసేసరికి వారం పది రోజులు దాటిపోతాయి.

మిమ్మల్ని వదిలేసి, ఆ బ్యాక్టీరియా మిగతా భాగాల మీద మా ఒంట్లో పుట్టే యాంటీబాడీలను, అంటే రోగాన్ని అడ్డుకునే ప్రోటీన్లను, వెతికే రక్తపరీక్ష ఒకటి ఉంది, వైడాల్. 1896 నాటిది, అంటే మీ ఉనికే లోకానికి తెలియని రోజుల్లోది. మా ఊళ్ళో మాత్రం ఇప్పటికీ ఏ జ్వరానికైనా మొదటి చీటీ అదే. గత వానాకాలం మా వీధిలో తొమ్మిది మందికి 'పాజిటివ్' వచ్చింది. అందులో ముగ్గురికి డెంగీ. అసలు రుజువు కావాలంటే రక్తాన్ని కల్చర్‌కు, అంటే అందులో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూడ్డానికి, పంపాలి. దానికి రోజులు పడుతుంది. అంత ఓపిక ఎవరికుంది? సెలైన్ పెట్టించుకుంటే ఆ సాయంత్రానికే మనసు కుదుటపడుతుంది కదా.

సరే, ఫైలు విషయానికి వద్దాం. మీ కేసు ఇంతకాలం ఎందుకు పెండింగులో ఉందో చదివినప్పుడు నాకు నవ్వు ఆగలేదు. మా ఒంట్లో కూడా ఆఫీసే నడుస్తోంది!

మా కాపలా కణాల్లో బి కణం అని ఒక గుమాస్తా. మీలాంటి చక్కెరను చూసి పట్టుకునే తెలివి అతనికి ఉంది. యాంటీబాడీలు తయారు చేసేదీ అతనే. కానీ పని గట్టిగా జరగాలన్నా, అది రికార్డు రూములో పది కాలాలు నిలవాలన్నా పైనున్న టి కణం గారి సంతకం కావాలి. ఆ ఆఫీసరుకు చదవడం వచ్చిందల్లా ప్రోటీను ముక్కలే. చక్కెర కాగితం పెడితే తలెత్తి చూడకుండా 'ఇది మా సెక్షన్ కాదు' అంటారు. గుమాస్తా ఏం చేస్తాడు? సొంత పూచీ మీద ఏవో నాలుగు నాసిరకం యాంటీబాడీలు చేసి ఊరుకుంటాడు. ఆఫీసు కాపీ ఉండదు. మళ్ళీ మీరొస్తే కేసు మొదటి నుంచీ మొదలు. రెండేళ్ళ లోపు పిల్లల్లో అయితే ఆ గుమాస్తా ఇంకా ప్రొబేషన్‌లో ఉంటాడు, ఆ నాలుగు కూడా చెయ్యలేడు. పసిపిల్లల మీద మీకంత ప్రేమ ఎందుకో అప్పుడు అర్థమైంది.

మిమ్మల్ని ఒంటరిగా శుద్ధి చేసి టీకాగా ఇచ్చి చూశారు. 1980లలో నేపాల్‌లోనూ దక్షిణాఫ్రికాలోనూ పరీక్షిస్తే పెద్దవాళ్ళలో, బడి పిల్లల్లో బాగానే పనిచేసింది. కానీ రెండేళ్ళ లోపు వాళ్ళకు పనికిరాదు. మిగతావాళ్ళకూ మూడేళ్ళకోసారి రెన్యువల్. రేషన్ కార్డుకే రెన్యువల్ చేయించుకోలేని జనం మేము. టీకాకు చేయించుకుంటామా?

విచిత్రం ఏమిటంటే, దీనికి ఉపాయం మీకు నామకరణం జరగక ముందే దొరికింది. 1931లో న్యూయార్క్‌లో, రాక్‌ఫెల్లర్ సంస్థలో, ఏవరీ, గోబెల్ అనే ఇద్దరు న్యుమోనియా బ్యాక్టీరియా చక్కెర కోటును తీసి గుర్రపు రక్తంలోని ప్రోటీనుకు రసాయనికంగా కట్టారు. ఆ జంటను కుందేళ్ళకు ఎక్కించారు. వట్టి చక్కెరకు పట్టించుకోని కుందేళ్ళు దీనికి యాంటీబాడీలు చేశాయి. మా భాషలో చెప్పాలంటే ఫైలుకు ట్యాగు కట్టారు. చక్కెరను చూసి గుమాస్తా పట్టుకుంటాడు, దానికి కట్టిన ప్రోటీనుతో సహా మింగుతాడు, ప్రోటీనును ముక్కలు చేసి ఆఫీసరు ముందు పెడతాడు. ఆఫీసరు తనకు తెలిసిన ప్రోటీనును చదువుకుని సంతకం పెడతాడు. ఆ సంతకంతో గుమాస్తా చక్కెర మీద యాంటీబాడీలు చేస్తాడు! వెనక ఏ కాగితం ఉందో ఆఫీసరుకు చివరిదాకా తెలియదు. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో ఇంత చక్కటి ఫైలు నడక నేను చూడలేదు. మేము ఇలా చేసి ఉంటే సస్పెన్షన్ అయ్యేది.

మరి 1931లో దొరికిన ట్యాగు మీ దగ్గరికి ఎప్పుడొచ్చింది? ఈలోపు పెన్సిలిన్ వచ్చింది, మా ఇంటికొచ్చిన క్లోరోమైసెటిన్ వచ్చింది. మాత్ర ఉండగా టీకా ఎందుకు అన్నారు. మీ యజమాని మాత్ర తినడం కూడా నేర్చుకుంది. నాకు జ్వరం వచ్చిన మరుసటి ఏడే, 1972లో, కోళిక్కోడ్‌లో క్లోరోమైసెటిన్‌కు లొంగని టైఫాయిడ్ చెలరేగింది. ఒక్క ఏడాది తేడాలో బతికిపోయానన్నమాట.

ట్యాగును మళ్ళీ దుమ్ము దులిపి తీసింది వేరే కోటు కోసం. హిబ్ అనే బ్యాక్టీరియా పసిపిల్లలకు మెదడు పొరల వాపు తెచ్చేది. అమెరికాలో రాబిన్స్, ష్నీర్సన్ ఒక జట్టుగా, స్మిత్, ఆండర్సన్ మరో జట్టుగా దాని చక్కెరను ప్రోటీనుకు కట్టారు. 1987లో ఆ టీకాకు అక్కడ అనుమతి వచ్చింది, 1990లో చంటిపిల్లలకూ వేశారు. కొన్నేళ్ళలో ఆ దేశపు చిన్నపిల్లల్లో ఆ జబ్బు నూటికి 99 వంతులు పోయింది. అదే రాబిన్స్ బృందం మీకూ కొలతలు తీసింది. మిమ్మల్ని మరో ప్రోటీనుకు కట్టి వియత్నాంలో రెండు నుంచి అయిదేళ్ళ పిల్లలకు ఇస్తే 91.5 శాతం రక్షణ వచ్చిందని 2001లో ప్రకటించారు.

అంతే, ఫైలు మళ్ళీ పడుకుంది. ఎందుకో మీకూ తెలుసు. డబ్బున్న దేశాలు మిమ్మల్ని మంచినీళ్ళతోనే వెళ్ళగొట్టాయి. మీరు మిగిలింది మాలాంటి చోట్లే. కొనేవాడు లేని జబ్బుకు టీకా చెయ్యమని ఎవరికి పట్టింది?

పట్టినవాళ్ళు మా హైదరాబాద్‌లో ఉన్నారు. గర్వంగా చెప్పుకుంటున్నాననుకోండి, ఫరవాలేదు. భారత్ బయోటెక్ వాళ్ళు మిమ్మల్ని టెటనస్ టాక్సాయిడ్‌కు కట్టారు. మేకు గుచ్చుకుంటే పరుగెత్తి వేయించుకుంటామే, ఆ టీటీలో ఉండేదే. ఆఫీసరుకు చిన్నప్పటి నుంచీ బాగా తెలిసిన మనిషి. దాని చేత మిమ్మల్ని సిఫార్సు చేయించారు. ఒక డోసులో మీరు ఉండేది 25 మైక్రోగ్రాములు, చీమకు కూడా కాఫీ తియ్యగా అనిపించనంత. 2013లో మన దేశంలో అనుమతి వచ్చింది.

తర్వాత జరిగింది చదివి మా ఆవిడ నమ్మలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు ముందు టీకా వేయించుకుని, నెల ఆగి, కడుపులో ఆమ్లం అడ్డురాకుండా సోడా కలిపిన నీళ్ళు తాగి, ఆ పైన సాక్షాత్తూ టైఫాయిడ్ బ్యాక్టీరియాను తాగారు. తెలిసే తాగారండీ. మేము అదే పని మున్సిపల్ కుళాయి దగ్గర తెలియక చేస్తాం, పైగా నీటి పన్ను కట్టి. జ్వరం వచ్చి రక్తంలోనూ దొరికితేనే జబ్బుగా లెక్కేస్తే, టీకా 87 శాతం కాపాడిందని 2017లో తేలింది. 2018 జనవరికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత ముద్ర పడినట్టు ప్రకటన వచ్చింది. ఆరు నెలల పసికందుకు కూడా ఒక్క డోసు వెయ్యొచ్చు. నేపాల్‌లో ఇరవై వేల మంది పిల్లల మీద చూసినా 81 శాతానికి పైగా పనిచేసింది.

అదే హైదరాబాద్‌లో బయోలాజికల్ ఇ వాళ్ళు ఇంకో చమత్కారం చేశారు. మీ చక్కెర కోసం మీ యజమాని గడపే తొక్కలేదు. సిట్రోబాక్టర్ అనే వేరే బ్యాక్టీరియా కూడా అచ్చం మీలాంటి కోటే తొడుగుతుంది. దాని దగ్గర తీసుకుని, విషం పోగొట్టిన డిఫ్తీరియా ప్రోటీనుకు కట్టారు. మీరు ప్రత్యేకంగా కుట్టించుకున్నాననుకున్న కోటు రెడీమేడ్ అని తేలిపోయింది.

ఇంకో సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2016లో దాదాపు ఏ మందుకూ లొంగని టైఫాయిడ్ మొదలైంది. ఎక్కడో తెలుసుగా, హైదరాబాద్‌లో. మాది కాదు, పాకిస్తాన్ సింధు రాష్ట్రంలోది. నోటి మాత్రల్లో అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. ఆ హైదరాబాద్‌కు ఈ హైదరాబాద్ టీకా వెళ్ళింది. అక్కడ ఆ మొండి రకాన్ని 97 శాతం అడ్డుకుంది. 2019 నవంబరులో సింధు మొదలుపెట్టడంతో, పిల్లల మామూలు టీకాల పట్టికలో దీన్ని చేర్చిన మొదటి దేశం పాకిస్తాన్ అయింది. రెండు దేశాల మధ్య మాటలు సరిగా నడవని రోజుల్లో మీ పుణ్యమా అని టీకా నడిచింది.

మా మనవరాలికి తొమ్మిదో నెలలో వేయించాం. సర్కారు కార్డులో మీ పేరు కోసం కళ్ళద్దాలు పెట్టుకుని వెతికాను, లేదు. 2018లోనే నవీ ముంబై మున్సిపాలిటీ వాళ్ళు ఊళ్ళో పిల్లలకు సొంతంగా వేశారు. ఇక్కడ మేము ప్రైవేటులో వేయించాం, బిల్లు వెయ్యి దాటింది. అల్లుడు కట్టబోతే నేనే కట్టాను. 1971 బాకీ, ఇంకొకరి చేత ఎందుకు తీర్పించడం? పిల్ల సూది పడగానే ఒక్క కేక పెట్టి, బయటికొచ్చేసరికి డాక్టరమ్మ ఇచ్చిన బొమ్మతో ఆడుకుంటోంది. ఇరవై ఒక్క రోజుల పని ఇరవై సెకన్లలో అయింది.

ఇక ఒక మనవి. టైఫాయిడ్ లాంటి జ్వరమే తెచ్చే మీ తమ్ముడు పారాటైఫీ–ఎ ఉన్నాడే, అతను అసలు కోటే తొడుక్కోడు. కోటు మీద రాసిన వారంటు చొక్కా విప్పినవాడికి వర్తించదు కాబట్టి ఈ టీకా అతన్ని ఏమీ చెయ్యలేదు. అదీ కాక మీ రాకపోకల దారి ఇంకా తెరిచే ఉంది. మా వీధి మలుపులో మంచినీళ్ళ పైపు మురుగు కాలవలోంచి వెళ్తుంది. జాయింటు దగ్గర తుప్పు. నేనే స్వయంగా అర్జీ రాశాను, మార్జిన్ వదిలి, పేరాలకు నంబర్లు వేసి. నీళ్ళ విభాగం వాళ్ళు 'కాలవ మాది కాదు, డ్రైనేజీ వాళ్ళది' అన్నారు. డ్రైనేజీ వాళ్ళు 'పైపు మాది కాదు' అన్నారు. మూడు రిమైండర్లు ఇచ్చాను. ఈ ఇద్దరినీ కలిపి కట్టే ట్యాగు ఏ ప్రోటీనుతో చెయ్యాలో టీకా కంపెనీలుండే మా జీనోమ్ వ్యాలీలో ఎవరినైనా అడగాలి.

అంచేత ఈ ఉత్తరాన్ని పోస్టులో వెయ్యడం లేదు. ఆ జాయింటు దగ్గరే వదులుతున్నాను. సాయంత్రం అయిదున్నరకు నీళ్ళు వదులుతారు, అప్పటికి మీకు అందుతుంది.

ఇట్లు,
తమ విధేయుడు కాని,
ఒక రిటైర్డ్ సూపరింటెండెంటు

ప్రతులు:
శ్రీ పారాటైఫీ–ఎ గారికి, సమాచారం నిమిత్తం.
మంచినీటి విభాగానికి, తగు చర్య నిమిత్తం.
డ్రైనేజీ విభాగానికి, పై విభాగం వారు తమది కాదన్న పక్షంలో.