కుప్ప పోసి వదిలేస్తే చాలదు
గని వ్యర్థాల కుప్ప దానంతట అదే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పట్టి రాయిగా మార్చేస్తుంది, మనం చేయాల్సిందేమీ లేదు అన్నట్టు మీ వ్యాసంలో రాశారు, ఆ ఒక్క మాట మాత్రం నేను ఒప్పుకోలేను. చర్య జరగడం నిజమే. మెగ్నీషియం ఎక్కువగా ఉన్న రాతిపొడిలో, ముఖ్యంగా బ్రూసైట్ (మెగ్నీషియం హైడ్రాక్సైడ్ ఖనిజం) ఉంటే, గాలీ తడీ తగిలితే చాలు, కార్బొనేట్ తయారవుతుంది, అది వేల ఏళ్లు కదలదు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని మౌంట్ కీత్ నికెల్ గని వ్యర్థాలు ఏ ప్రయత్నమూ లేకుండానే ఏడాదికి దాదాపు 40,000 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకుంటున్నాయని 2014లో లెక్కగట్టారు. వినడానికి పెద్ద అంకే, కానీ అప్పట్లో ఆ గని ఏటా వదిలేదాంట్లో అది సుమారు 11 శాతమే. జియాలజీ చదివేటప్పుడు సర్పెంటినైట్ (మెగ్నీషియం ఎక్కువుండే ఒక రాయి) పొడిని ట్రేలో పోసి రోజూ తడిపి నెలల తరబడి చూశాం. పైన తెల్లటి పొర కట్టింది, గోటితో గీకి ఆమ్లం చుక్క వేస్తే బుసబుసమని పొంగింది, అంటే కార్బొనేట్ తయారైనట్టే, నాకైతే ఎంత సంతోషమేసిందో. తీరా వేలు లోతున తవ్వితే కింద అదే బూడిద రంగు బురద, గాలి అక్కడిదాకా చేరనే లేదు. అసలు చిక్కు ఇదే. పొడిని పల్చగా పరచాలి, అప్పుడప్పుడు తిరగేయాలి, తడి సరిగ్గా ఉండాలి, ఎండిపోయినా కష్టమే, నీట మునిగినా కష్టమే. పైగా కొన్ని వ్యర్థాల్లో క్రైసోటైల్ అనే రకం ఆస్బెస్టాస్ నారలుంటాయి, దుమ్ము లేస్తే అక్కడ పనిచేసేవాళ్ల ఊపిరితిత్తులకే ప్రమాదం. కాబట్టి తిరగేసే యంత్రాలకయ్యే డీజిల్, దుమ్ము అణచే ఖర్చు కూడా లెక్కలో వేసి రాయండి.