డిజిటల్ బోర్డుకు మన మాట రాదు

పరకాల దగ్గర ఒక సర్కారు హైస్కూల్లో ఎనిమిదో తరగతి సైన్స్ క్లాసు. నేను వెనక బెంచీ మీద కూర్చున్నాను. గోడకు పెద్ద టచ్ ప్యానెల్ ఉంది. పంట కోసి నిల్వ చేయడం గురించి పాఠం నడుస్తోంది. గింజలో మాయిశ్చర్ తగ్గాకే గోదాముకు పంపాలని వీడియోలో ఎవరో గడగడా ఇంగ్లిష్‌లో చెప్పుకుపోతున్నారు. పిల్లలు కదలకుండా చూస్తున్నారు, ఇంట్లో టీవీ చూసినట్టు. సార్ వీడియో ఆపి, "ఏనుమాముల యార్డుల పత్తికి రేటు ఎందుకు కోస్తర్రా?" అని అడిగారు. పది గొంతులు ఒకేసారి లేచాయి: "మాయిశ్చర్ ఉంటది సార్!" 12 శాతం దాటితే సీసీఐ (పత్తి కొనే కేంద్ర సర్కారు సంస్థ) వాళ్లు కొనరని ఒక అమ్మాయి లెక్క కూడా చెప్పింది. "మరి గీ వీడియోల ఏం చెప్పిండు?" అంటే మాత్రం ఎవరూ నోరు విప్పలేదు.

అదే మాట వీడియోలో మూడుసార్లు వచ్చింది. పత్తి సీజన్‌లో వాళ్ల నాయిన రోజూ తిట్టుకునే మాట అది. తెర మీదికెక్కి, యాస మారేసరికి వాళ్లు గుర్తుపట్టలేదు.

ప్యానెల్‌ను తప్పు పట్టడం లేదు. బొమ్మ బాగుంది, సౌండు బాగుంది. దానికి ఈ పిల్లల మాట రాదు, అంతే. ఆ మాట దానికి నేర్పకుండా ఇంకా ఎన్ని ప్యానెళ్లు బిగించినా, ఎన్ని ట్యాబులు పంచినా సర్కారు బడి పిల్లలకు ఇంగ్లిష్ రాదని నా వాదన.

కథ అందరికీ తెలిసిందే. కరోనా ఏడాది, 2020 సెప్టెంబరులో, దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ టీవీ చానెళ్ల మీద పాఠాలు విన్నాం. 2022-23లో తెలంగాణ సర్కారు బడులన్నీ ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం అయ్యాయి. మన ఊరు - మన బడి పథకం కింద గోడలకు రంగులు పడ్డాయి, ఆ తర్వాత డిజిటల్ బోర్డులు వచ్చాయి. 2025లో కొన్ని జిల్లాల ప్రాథమిక బడుల్లో ఏఐతో నేర్పే ప్రయోగం కూడా మొదలైంది. ఇన్నింటి మధ్య సర్కారు చేసిన ఒక తెలివైన పనిని ఎవరూ పెద్దగా మెచ్చుకోలేదు. రెండు భాషల పుస్తకాలు వేసింది. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లిష్. ఇంగ్లిష్ అర్థం కాని పిల్ల చూపు కాస్త పక్కకు తిప్పితే చాలు. కాగితానికి వచ్చిన ఈ బుద్ధి, నేను చూసిన ఆ వీడియోకు రాలేదు. అందులో పక్కపేజీ లేదు.

అయితే పక్కపేజీ ఉన్నా పూర్తిగా ఒడ్డున పడమని ఇప్పుడనిపిస్తోంది. ఆ పుస్తకాన్నే తిరగేయండి. ఒకవైపు ఫొటోసింథసిస్, రెండోవైపు కిరణజన్య సంయోగక్రియ. ఒకవైపు జెర్మినేషన్, రెండోవైపు అంకురోత్పత్తి. నర్సంపేట రైతు బిడ్డకు ఈ రెండు వైపులూ పరాయివే. పత్తి గింజ పెట్టిన నాలుగో రోజు నుంచి చేను చుట్టూ తిరిగి "మొలక రాలే, మళ్ల పెట్టాలె" అని ఇంట్లో అనుకునే మాటలే ఆ పిల్లకు తెలుసు. అంకురోత్పత్తిని మొలకకు ముడిపెట్టే మనిషి క్లాసులో ఉంటే పాఠం వస్తుంది, లేకపోతే బట్టీయే గతి. జెర్మినేషన్‌ను తిన్నగా మొలకకే ముడిపెడితే, నన్నడిగితే, మధ్యలో అంకురోత్పత్తి అక్కర్లేదు కూడా. మన పుస్తకాల తెలుగు చాలా చోట్ల ఇంగ్లిష్ కన్నా కష్టం. ఈ మాట అంటే తెలుగు పండితులకు కోపం వస్తుంది, రానివ్వండి.

ఇక్కడే యంత్రం పనికొస్తుంది. మనుషులకు చేతకానిది ఇప్పుడు దానికి చేతనవుతుంది. నలభై మంది ఉన్న క్లాసులో ఒక్కొక్కరికి ఎక్కడ అర్థం కాలేదో సార్‌కు తెలియదు. ఫోనుకు తెలుస్తుంది. పిల్ల చదివింది వింటుంది, తప్పు పలికిన చోట ఆగుతుంది, మళ్లీ చెబుతుంది, నవ్వదు. ఈ నవ్వకపోవడం చిన్న సంగతేం కాదు. ఇంగ్లిష్‌లో నోరు విప్పగానే వెనక బెంచీ నుంచి కిసుక్కుమనే నవ్వుకు భయపడి పదో తరగతి దాకా మాట్లాడని ఆడపిల్లలు ప్రతి ఊళ్లో ఉన్నారు. నేనూ హనుమకొండలో డిగ్రీ చదివేటప్పుడు ఆ నవ్వు భరించినవాణ్నే. గూగుల్ రీడ్ అలాంగ్ లాంటి ఉచిత యాప్ ముందు పిల్ల ఎన్నిసార్లు తడబడినా టెన్షన్ లేదు.

2015లో ఢిల్లీలో 619 మంది బడి పిల్లల మీద ఒక ప్రయోగం జరిగింది. బడి అయ్యాక కంప్యూటర్ కేంద్రంలో ఒక్కొక్కరికీ వాళ్లున్న మెట్టు నుంచే పాఠం మొదలుపెట్టారు. నాలుగున్నర నెలల్లో గణితంలోనూ హిందీలోనూ వాళ్లు తోటి పిల్లల కన్నా స్పష్టంగా ముందుకు వెళ్లారు. పెరూ దేశం లక్షల ల్యాప్‌టాప్‌లు ఊరికే పంచి చూసింది. చదువులో, లెక్కల్లో తేడా కనపడలేదని 2012లో తేలింది. అక్కడా ఇక్కడా ఇచ్చింది యంత్రమే. పిల్ల ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్లింది మాత్రం ఢిల్లీ యంత్రం ఒక్కటే. మన పిల్లల విషయంలో ఎక్కడుందో అంటే ఏ తరగతి మెట్టు మీద ఉందో చూస్తే సరిపోదు, ఏ మాటలో ఉందో కూడా చూడాలి.

"మళ్లీ తెలుగు గోలేనా? పేదోడి పిల్లకు ఇంగ్లిష్ అందుతుంటే తెలుగు అడ్డం పెడతారేం? మీ పిల్లలు ఎక్కడ చదివారు?" అని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిందే. మాతృభాష గొప్పతనం మీద ఉపన్యాసాలిచ్చే చాలామంది పిల్లలు కాన్వెంట్లలోనే చదివారు, నా పిల్లలతో సహా. మీడియం మార్చమని నేను అనడం లేదు. ఆటస్థలంలో మాట్లాడుకునే ఇంగ్లిష్ రెండేళ్లలో వస్తుంది గానీ, పాఠం అర్థమయ్యే ఇంగ్లిష్‌కు ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ ఏనాడో చెప్పాడు. అక్కడికి వలస వచ్చిన పిల్లల చుట్టూ రోజంతా ఇంగ్లిష్ వినిపిస్తుంది. ఇక్కడ బడి గేటు దాటితే వినపడదు. ఆ ఏళ్లన్నీ సైన్సు, లెక్కలు ఏ మాటలో బుర్రకెక్కాలి? సొంత మాటను దూరం పెడితే పేదింటి పిల్లకు రెండూ పోతాయి.

ఏటూరునాగారం వైపు వెళితే లెక్క ఇంకో మెట్టు పెరుగుతుంది. ఇంట్లో కోయ మాట, బడిలో సార్ తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్. తండాల్లో అయితే లంబాడీ. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో గోండి, కోయ, కొలామి, బంజారా లాంటి భాషల్లో ప్రాథమిక తరగతుల పుస్తకాలు వేసి బడులు నడిపారు. ఆ పని ఎందుకు సాగలేదో వేరే వ్యాసం రాయాలి. ఇప్పుడు యంత్రాల వంతు. కేంద్రం భాషిణి పేరుతో తెచ్చిన అనువాద వేదిక రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషలతో మొదలైంది. కోయ, లంబాడీ ఆ షెడ్యూలులోనే లేవు. 2025లో గిరిజన భాషల కోసం ఆది వాణి అనే అనువాద యాప్ వచ్చింది. అందులో తొలి విడతలో గోండికి చోటు దొరికింది, కోయకు, లంబాడీకి దొరకలేదు.

గిరిజన భాషల సంగతి అలా ఉంచి, మన సంగతి చూద్దాం. తెలుగు వచ్చని చెప్పుకునే ఈ యంత్రాలకు వచ్చింది ఏ తెలుగు? వార్తల తెలుగు, పుస్తకాల తెలుగు. "ఆరబోసుడు", "దూప" (దాహం), "తొవ్వ" (దారి) అంటే తడబడతాయి. మీ ఫోనులో మీరే అని చూడండి. ఒకప్పుడు పాఠ్యపుస్తకం చేసిన పనే ఇప్పుడు ఫోను చేస్తోంది. నీ మాట తప్పు, నా మాట నేర్చుకుని రా అంటోంది. రాష్ట్రం తెచ్చుకున్నాం, కవి కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవం చేసుకున్నాం, హనుమకొండలో ఆయన పేరు మీద కళాక్షేత్రం కట్టుకున్నాం. ఏటా దండలు, సన్మానాలు, శాలువాలు. యంత్రం నేర్చుకునేది శాలువాల నుంచి కాదుగా. దానికి గొంతులు కావాలి, వేల గంటల గొంతులు.

అవి మన దగ్గరున్నాయి. వచ్చే సెప్టెంబరు 9న సభలు పక్కనపెట్టి, వరంగల్ నుంచి ఆసిఫాబాద్ దాకా ప్రతి హైస్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక పని చెప్పండి. ఇంటికెళ్లి అవ్వతోనో నాయినతోనో పది నిమిషాలు మాట్లాడించి ఫోనులో రికార్డు చేయాలి. నాటు గురించి, కోత గురించి, బర్రె గురించి, వాళ్లిష్టం. ఇష్టపడినవాళ్లవే తీసుకుని, పేర్లు తీసేయాలి. కాకతీయ యూనివర్సిటీ తెలుగు శాఖ మాటలకు అర్థాలు రాస్తే, పక్కనే ఉన్న ఎన్‌ఐటీ కంప్యూటర్ విద్యార్థులు దాన్ని యంత్రానికి నేర్పుతారు. దారిలో ఏటూరునాగారం కోయ గూడేలను, తండాలను మరిచిపోవద్దు. తర్వాతి విడత ప్యానెళ్లకు టెండర్ పిలిచేటప్పుడు అందులో ఒక షరతు చేర్చాలి. పిల్ల "మొలక రాలే" అని ఫోనుతోనో ప్యానెల్‌తోనో అంటే, అది జెర్మినేషన్ అనే మాటను అక్కణ్నుంచి ఎత్తుకోవాలి. అలా ఎత్తుకోలేని సరుకుకు బిల్లు ఇవ్వొద్దు.

ఆ రోజు క్లాసు అయిపోయాక 12 శాతం లెక్క చెప్పిన అమ్మాయిని వరండాలో ఆపి, వీడియోలో ఏం చెప్పారో ఇప్పుడు చెప్పమన్నాను. కాస్త ఆలోచించి చెప్పింది: "గదే సార్. మిర్చి కల్లంల ఆరబోస్తం గద, గట్లనే గింజలు గూడ ఆరబోయాలె. లేకుంటే మాయిశ్చర్‌కు బూజు పడ్తది."