సవరణ: సర్వ్‌క్వాల్‌లో అంశాలు 22, అడగాల్సింది రెండేసి సార్లు

సేవల నాణ్యతను కొలిచే ప్రశ్నావళి సర్వ్‌క్వాల్‌లో 22 అంశాలుంటాయని, దాన్ని ఫ్యాక్టరీకీ వాడొచ్చని గత పోస్టులో ఉంది. రెండింటికీ వివరణ అవసరం.

మార్కెటింగ్ పరిశోధకులు పరశురామన్, జైథామల్, బెర్రీ 1988లో ప్రచురించిన ఈ పద్ధతిలో ప్రతి అంశాన్నీ రెండు విధాలుగా అడుగుతారు: ఇలాంటి సంస్థల నుంచి మీరేం ఆశిస్తారు, ఈ సంస్థలో మీకేం కనిపించింది. అనుభవంలోంచి ఆశించినది తీసేస్తే మిగిలేదే స్కోరు. అంటే ఒక్కొక్కరి నుంచి 44 జవాబులు రావాలి. అనుభవం ఒక్కటే అడిగితే చాలని 1992లో క్రోనిన్, టేలర్ అనే పరిశోధకులు వాదించారు, అది సర్వ్‌పెర్ఫ్. ఫారం సగానికి తగ్గుతుంది, జవాబిచ్చేవాళ్లకు విసుగు రాదు. నా మొగ్గు దానివైపే. కానీ 22 ప్రశ్నలే అడిగి ప్రాజెక్టు రిపోర్టులో సర్వ్‌క్వాల్ అని రాయకండి. అక్కడ తేడా లెక్కే ఉండదు.

ఇక ఫ్యాక్టరీ సంగతి. షాఫ్టు వ్యాసాన్ని మైక్రోమీటరుతో కొలిచి, డ్రాయింగులోని టాలరెన్సుకు (అనుమతించిన తేడాకు) సరిపోకపోతే పక్కన పెట్టేయొచ్చు. కస్టమరు దాన్ని చూడనే చూడడు. బ్యాంకు కౌంటరు దగ్గర అలా కుదరదు, సేవ తయారయ్యేదీ అందేదీ ఒకే క్షణంలో, అతని కళ్ల ముందే. అందుకే వస్తువుల విషయంలో హార్వర్డ్ ప్రొఫెసర్ గార్విన్ 1987లో చెప్పిన నాణ్యత ఎనిమిది కోణాలు మేలు: పనితీరు, మన్నిక, స్పెసిఫికేషన్లకు సరిపోవడం లాంటివి. రిపేరు సౌలభ్యం కూడా అందులో ఒకటి. తయారీ సంస్థలో సర్వ్‌క్వాల్‌కు నిజమైన చోటు డెలివరీ, ఫిర్యాదులు, రిపేరు విభాగాల్లోనే. పరశురామన్, జైథామల్, బెర్రీల 1985 నాటి తొలి అధ్యయనంలో బ్యాంకులతో పాటు రిపేరు సేవలూ ఉన్నాయి.