కోనసముద్రంలో కొలిమి పండగ ఎందుకు లేదు?

ఏటా ఆగస్టు చివర్లో చెక్ దేశంలోని ఒక పాత కోట వాకిట్లో కొలుములు రాజుకుంటాయి. మొరావియా ప్రాంతంలోని ఆ కోట పేరు హెల్ఫ్‌ష్టీన్. పలు దేశాల నుంచి వందలమంది కమ్మరులు అక్కడికి వస్తారు. జనం చుట్టూ మూగి చూస్తుండగా ఇనుము కాలుస్తారు, సాగగొడతారు, మెలితిప్పుతారు, అతుకుతారు. 1982లో మొదలైన ఈ పండగకు గ్రీకుల కమ్మరి దేవుడి పేరే పెట్టుకున్నారు, హెఫైస్టన్ అని. పండగ ముగిసి అందరూ వెళ్లిపోయినా పని మాత్రం అక్కడ మిగులుతుంది. నాలుగు దశాబ్దాలుగా పోగైన ఇనుప శిల్పాలతో ఆ కోటే ఒక ప్రదర్శనశాల అయిపోయింది. శిథిలమైన రాజభవనాన్ని బాగుచేసి 2020లో మళ్లీ తెరిచినప్పుడు, అందులో కొత్తగా వేసిన మెట్లూ నడకదారులూ తుప్పు రంగు ఉక్కుతో కట్టారు. ఇనుముకు ఇల్లు అనదగిన చోటు అది.

ఆ పండగ గురించి తెలిసిన రోజు నాకు మా ఊరి కొలిమి గుర్తొచ్చింది. తొలకరికి ముందు అక్కడ తెల్లవారుజాము నుంచే సందడి. కర్రు సాగగొట్టించుకోవడానికి రైతులు వేపచెట్టు కింద కూచునేవాళ్లు. పిల్లలం తిత్తి తాడు లాగడానికి పోటీ పడేవాళ్లం. కమ్మరి చిన్న సుత్తితో ఎక్కడ తడితే అక్కడ సమ్మెట పడాలి. ఆ సమ్మెట ఎత్తేది ఆయన భార్య. ఇద్దరి మధ్య మాట ఉండేది కాదు. సుత్తి దెబ్బే మాట. దాగలి మీద, అంటే ఇనుము పెట్టి కొట్టే దిమ్మ మీద, సుత్తి పక్కకు వాలి టింగుమంటే సమ్మెట ఆగిపోయేది. ఎర్రటి ఇనుము నల్లబడేలోగా, అంటే కొన్ని క్షణాల్లో, ఎన్ని దెబ్బలు ఎక్కడ పడాలో వాళ్లిద్దరికీ తెలుసు. ఆ కొలిమి ఇప్పుడు లేదు. దాగలి మాత్రం ఆ ఇంటి గుమ్మం పక్కన సగం మట్టిలో కూరుకుని ఉంది.

ఇలాంటి జ్ఞాపకం తెలుగునాట చాలామందికి ఉంటుంది. దాన్ని తలచుకుని నిట్టూర్చడం వల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు. నేను అడగదలచుకున్నది వేరు. యూరప్‌లోనూ కమ్మరి కొలుములు ఇలాగే ఆరిపోయాయి. మరి అక్కడ పండగ ఎలా పుట్టింది? ఒకప్పుడు ప్రపంచానికి ఉక్కు పంపిన మన కోనసముద్రంలో ఎందుకు పుట్టలేదు?

తేదీలు వరుసగా చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఉత్తర అమెరికాలో కళాత్మకంగా ఇనుప పని చేసే కమ్మరులు 1973లో సంఘం పెట్టుకున్నారు. 1976లో ఇటలీలోని స్తియా అనే చిన్న పట్టణం కమ్మరి కళా ప్రదర్శన మొదలుపెట్టింది. ఇప్పుడది రెండేళ్లకోసారి జరిగే యూరప్ స్థాయి ఉత్సవం. ఇనుము సాగగొట్టడంలో ప్రపంచ పోటీ కూడా అక్కడే జరుగుతుంది. 1978లో బ్రిటన్ కమ్మరులు ఒక సంఘంగా ఏర్పడ్డారు. 1979లో అమెరికాలోని మెంఫిస్ నగరంలో లోహ కళకే ప్రత్యేకంగా ఒక మ్యూజియం తెరిచారు. 1982లో హెఫైస్టన్. ఇదంతా పదేళ్లలో జరిగింది. గుర్రపు నాడాలూ బండి పట్టాలూ నాగలి కర్రులూ అడిగేవాళ్లు లేకుండాపోయాక, చివరి తరం కమ్మరులు ఇంకా బతికి ఉండగానే, పని తెలిసినవాళ్లూ నేర్చుకోవాలనుకున్నవాళ్లూ ఒకచోట చేరారు. కర్రు పోయినా చెయ్యి పోకూడదనుకున్నారు. గేట్లు, కటకటాలు, దీపస్తంభాలు, శిల్పాలు ఆ చేతికి కొత్త పని అయ్యాయి.

తెలుగునాట సరిగ్గా ఆ పదేళ్లలోనే ఉన్నాం ఇప్పుడు. ట్రాక్టరూ రోటవేటరూ వచ్చి నాగలిని పక్కకు నెట్టేశాయి. కొడవలి పని కోత యంత్రం చేస్తోంది. గొడ్డలి, పార, గడ్డపార ఫ్యాక్టరీ నుంచి హార్డ్‌వేర్ దుకాణానికి వచ్చేస్తున్నాయి. అయినా ప్రతి మండలంలోనూ ఇంకా ఒకరిద్దరైనా ముసలి కమ్మరులు ఉన్నారు. ఇనుము రంగు చూసి వేడి చెప్పగలరు, నీళ్లలో ఎంతసేపు ముంచితే పదును నిలుస్తుందో చెప్పగలరు. ఇంకో పదిహేనేళ్లు ఆగితే మనం పెట్టే పండగలో కమ్మరి ఫొటో ఉంటుంది, కమ్మరి ఉండడు.

కోనసముద్రం పేరు ఎత్తడానికి కారణం ఉంది. నిజామాబాద్ జిల్లాలో, కమ్మర్‌పల్లి మండలంలో ఉన్న ఈ ఊరిని ఇప్పుడు కోనసముందర్ అంటారు. మండలం పేరులోనే కమ్మరి ఉన్నాడు చూడండి. 1820ల తొలి సంవత్సరాల్లో, భారతదేశాన్ని కొలిచిన లాంబ్టన్ సర్వే బృందంలో వైద్యుడిగా, భూగర్భ పరిశోధకుడిగా పనిచేసిన హెన్రీ వాయిసీ ఈ ఊరికి వచ్చి ఉక్కు తయారీ కళ్లారా చూశాడు. ఆయన రాసింది 1832లో అచ్చయింది. రెండు వేర్వేరు చోట్ల తీసిన ఇనుములను కలిపి, మట్టి మూసల్లో పెట్టి, పగలూ రాత్రీ ఆపకుండా తిత్తులు ఊది ఉక్కు దిమ్మలు తీసేవాళ్లని వివరించాడు. ఆ ఉక్కు కొనడానికి ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు ఒకడు ఆ ఊళ్లోనే బస చేసి, పని దగ్గరుండి చూసుకుంటున్నాడట. ఇస్ఫహాన్ ఎక్కడ, కమ్మర్‌పల్లి ఎక్కడ! లండన్‌లో మైకేల్ ఫారడే 1819లో ప్రయోగశాలలో పరీక్షించి గుట్టు విప్పాలని చూసింది ఈ జాతి ఉక్కునే. ప్రపంచం దాన్ని వూట్జ్ అని పిలిచింది. ఆ మాట దక్షిణాది ‘ఉక్కు’ నుంచే వచ్చిందని చాలామంది పండితులు అంటారు.

ఈ చరిత్రను వెలికితీయడానికి ఎస్. జైకిషన్ లాంటి పరిశోధకులు ఏళ్ల తరబడి ఉత్తర తెలంగాణ ఊళ్లు తిరిగారు. 2010లో బెంగళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఆ ప్రాంతంలో సర్వే చేశాయి. ఊరి పక్కన దిబ్బలుగా పడి ఉన్న ఇనుప చిట్టెం (ఇనుము తీశాక మిగిలే మడ్డి), పగిలిన మూసల పెంకులు, కమ్మరులు కొలిచిన మమ్మాయి దేవత గుడులు, అన్నీ సాక్ష్యాలే. పొలం చదును చేసినప్పుడల్లా ఆ చిట్టెం దిబ్బ కొంత కరుగుతోంది. ప్రపంచానికి ఉక్కు పంపిన ఊరికి వెళితే, ఆ సంగతి చెప్పే మనిషి కోసం వెతుక్కోవాలి.

మన దగ్గర పండగలు లేవా అంటే ఉన్నాయి. దసరాకు ఆయుధపూజ చేస్తాం. సెప్టెంబర్ 17న విశ్వకర్మ జయంతి జరుపుకుంటాం. సుత్తికి పసుపు రాస్తాం, దాగలికి కుంకుమ పెడతాం. భక్తిగా చేసే పని అది, నాకూ ఇష్టమే. కానీ ఆ రోజు కొలిమి ఆరి ఉంటుంది. పనిముట్టుకు దండం పెడతాం, పని మాత్రం కంటికి కనబడదు. ఇక ప్రభుత్వాలు పెట్టే హస్తకళా మేళాల్లో కమ్మరి బల్ల వెనక కూచుని, నిన్న చేసిన వస్తువు ఇవాళ అమ్ముకుంటాడు. కొనేవాడికి అందులో పడ్డ చెమట తెలియదు కాబట్టి బేరమాడతాడు. ఫ్యాక్టరీ కత్తి ఇంతకే వస్తుంది కదా అంటాడు. అదే మనిషి ఆ కత్తి ఎర్రగా కాలి, దెబ్బకు దెబ్బకు సాగి, నీళ్లలో బుసకొట్టడం కళ్లారా చూస్తే బేరమాడే తీరే మారుతుంది. హెఫైస్టన్ బలమంతా అక్కడుంది. అక్కడ ముందు కమ్మరి చేస్తుండగా చూస్తారు, కొనుగోలు ఆ తర్వాత.

2023 సెప్టెంబర్ 17న కేంద్రం పీఎం విశ్వకర్మ పథకం తెచ్చింది. 18 చేతివృత్తులకు అది వర్తిస్తుంది, అందులో కమ్మరి ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయలు, శిక్షణ రోజులకు రోజుకు 500 రూపాయల భత్యం, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల రుణం. మంచి పథకమే, కాదనను. అయితే కమ్మరికి సుత్తి ఎప్పుడూ ఉంది. లేనిది గిరాకీ. సరుకు తీసుకునేవాడు లేనప్పుడు అప్పు ఇచ్చి తిత్తి కొనిపిస్తే అది మెడకు ఇంకో బరువు. పండగ వల్ల గిరాకీ ఒక్క రోజులో పుట్టదని నాకూ తెలుసు. కానీ ఇల్లు కట్టుకుంటున్న పట్నవాసి, హోటల్ కట్టే ఆసామి, ఆర్కిటెక్ట్ అందరూ లేజర్‌తో కోసిన రేకు గేట్లే ఎందుకు పెట్టిస్తున్నారు? సాగగొట్టిన ఇనుము ఎలా ఉంటుందో వాళ్లు చూడలేదు గనుక. కాల్చి మెలితిప్పిన కమ్మీలో ఉండే బిగువు, చివరన తీగలా సన్నబడి చుట్టుకునే తీరు అచ్చుపోసిన దానికి రాదు.

ఇక్కడ ఒక కష్టమైన విషయం ఉంది. దాన్ని దాటేసి పండగ గురించి రాయడం నాకు చేతకాదు. ఇటలీలోనో చెక్ దేశంలోనో కమ్మరి పని ఇష్టపడి ఎంచుకునే పని. మన దగ్గర అది పుట్టుకతో వచ్చింది. మేర గింజల కోసం, అంటే పంటలో రైతులు ఇచ్చే వాటా కోసం, ఏడాదంతా ఊరికి చాకిరీ చేసిన తాతను చూసిన మనవడు ఇంజనీరింగ్ చదువుకుని కొలిమి వైపు తిరిగి చూడకపోతే తప్పెవరిది? వాడిని వెనక్కి రమ్మనడానికి పండగ పెడితే అది అన్యాయం. ఆ పొగ, ఆ సెగ, కంట్లో పడే మిణుగురులు, యాభై ఏళ్లకే పడిపోయే భుజాలు అందమైనవేమీ కావు. అందుకే పండగ తలుపు అందరికీ తెరవాలి. ఏ కులం పిల్లైనా, పిల్లాడైనా దాగలి ముందు నిలబడగలగాలి. నేర్పే గురువు స్థానం మాత్రం ఆ ముసలి కమ్మరిది కావాలి, ఆ గౌరవానికి తగ్గ జీతంతో. శాలువా కప్పి పంపేస్తే సరిపోదు. వేదిక మీద పేరు పిలిచేటప్పుడు సమ్మెట ఎత్తిన భార్య పేరు కూడా పిలవాలి. ఇన్నేళ్లూ ఆమె పనిని ఎవరూ పనిగా లెక్కపెట్టలేదు.

లోహ శిల్పం వైపు చూస్తే మనకు లోటు లేదు. తెనాలిలో శిల్పి కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర పాత వాహనాల విడిభాగాలు, నట్లు, బోల్టులతో చేసిన విగ్రహాలు ఊళ్లు దాటి వెళ్తున్నాయి. 2021లో వాళ్లు చేసిన 14 అడుగుల ప్రధాని విగ్రహం దేశమంతా వార్త అయింది. ఢిల్లీలో 2019లో తెరిచిన పార్కులో ప్రపంచ వింతల నమూనాలన్నీ తుక్కు ఇనుముతోనే కట్టారు. ఆదిలాబాద్ వోజుల డోక్రా (మైనపు అచ్చుతో చేసే లోహపు పోత పని), పెంబర్తి ఇత్తడి రేకు పని, శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి పాత్రలు సరేసరి. అయితే తుక్కు శిల్పానికి ప్రాణం వెల్డింగ్, కమ్మరి పనికి ప్రాణం నిప్పు. ఒకరికి ఆకారం తెలుసు, ఇంకొకరికి ఇనుము ఎటు పారుతుందో తెలుసు. ఈ ఇద్దరూ ఒక పందిరి కింద వారం రోజులు కలిసి పనిచేస్తే ఏం పుడుతుందో మనం ఇంతవరకూ చూడలేదు. నాకైతే ఎంతో ఆశ పుట్టించే సంగతి ఇదే.

చూడదగ్గ ఇంకో నమూనా మెంఫిస్ మ్యూజియంలో ఉంది. ఏటా శరదృతువులో కొన్ని రోజులు లోహ కళాకారులు అక్కడ చేరి, జనం తెచ్చిన విరిగిన, సొట్టబోయిన లోహపు సామాన్లన్నీ బాగుచేసి ఇస్తారు. వచ్చిన డబ్బు మ్యూజియానికి వెళ్తుంది. మన ఊళ్లకు ఇంతకంటే అతికే ఆలోచన లేదు. విరిగిన కత్తిపీట, పిడి ఊడిన కొడవలి, అమ్మమ్మ నాటి ఇనుప పెనం పట్టుకుని జనం వస్తారు. శిల్పం చూడ్డానికి రాని మనిషి కూడా కత్తిపీట పట్టుకుని వస్తాడు. వచ్చాక శిల్పం దగ్గరా ఆగుతాడు.

ఎప్పుడు పెట్టాలి అన్నదీ చిన్న విషయం కాదు. విశ్వకర్మ జయంతి వానల్లో వస్తుంది. ఎండాకాలంలో కొలిమి ముందు ఎవరూ నిలవలేరు. ఏరువాకప్పుడు పని మిగిలి ఉన్న కమ్మరికి ఊపిరి సలపదు. సంక్రాంతి దాటాక, మాఘమాసంలో, రాత్రిపూట పెడితే బాగుంటుంది. రాత్రి అనడానికి కారణం ఇనుమే. కమ్మరి కొలిమి ఎప్పుడూ చీకటి పాకలోనే ఎందుకుంటుంది? మంకెన ఎరుపు ఎప్పుడు నారింజకు తిరిగిందో, నారింజ ఎప్పుడు పసుపయిందో ఎండ వెలుగులో తెలియదు. జనానికి ఆ రంగులు కనబడాలంటే ఫ్లడ్‌లైట్లు ఆర్పేయాలి. ఉపన్యాసాలు కూడా తగ్గించుకోవాలి, సుత్తి మాట వినబడాలి కదా.

ఉక్రెయిన్‌లోని ఇవానో-ఫ్రాంకివ్‌స్క్ నగరంలో పండగకు వచ్చిన కమ్మరులంతా కలిసి చేసిన శిల్పాలు ఆ నగర వీధుల్లోనే నిలబడి ఉన్నాయి. కోనసముందర్‌లో మొదటి ఏడాది శిల్పం కూడా అక్కర్లేదు. పది కొలుములు చాలు. పది మంది గురువులు, వాళ్ల పక్కన సమ్మెట పట్టే ఇరవై మంది కొత్తవాళ్లు. ఒక్కో కొలిమి దగ్గర ఒక్కో పలక తయారుచేసి, చివరి రాత్రి అన్నీ అతికి, ఊరి బడికి గేటు పెట్టాలి. దాని మీద చేసినవాళ్ల పేర్లు ఉలితో కొట్టాలి, సమ్మెట పట్టినవాళ్లవి కూడా. తెల్లారి బడికొచ్చే పిల్లలు ఆ గేటు ముట్టుకుంటే ఇంకా కాస్త వెచ్చగా ఉంటుంది.